ఎండ మావయ్య ప్రశ్న

ఏ ఫోటో చూపించినా మా మావయ్య అడిగేది ఒకే ఒక్క ప్రశ్న. "ఎండ ఎటునుంచి?" అందులో ఉన్నదెవరు, ఎక్కడ తీశారు, బాగుందా లేదా, ఇవేవీ ఆయనకు పట్టవు. అందుకే బంధువులంతా ఆయన్ని ఎండ మావయ్య అంటారు. అత్తయ్య మాత్రం "మా ఎండదెబ్బ మనిషి" అంటుంది.

ఒకసారి పిన్ని తన మనవరాలి మొదటి ఫోటో పంపింది. పుట్టి నాలుగు గంటలైన పసిగుడ్డు. ముక్కు తల్లిదని కొందరు, తండ్రిదని కొందరు తగువులాడుకుంటున్నారు. మావయ్య కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూశాడు. "కిటికీ ఎడంపక్కనుంది. పరదా వెయ్యమనండి," అన్నాడు. పిన్ని నెల రోజులు ఆయనతో మాట్లాడలేదు.

ఇంకోసారి అత్తయ్య మోకాలికి ఎక్స్‌రే తీయించారు. డాక్టరు దాన్ని దీపం ముందు పెట్టాడో లేదో, ఈయన ముందుకు జరిగాడు.

"ఎండ ఎటునుంచి డాక్టరు గారూ?"

"దీనికి ఎండ అక్కర్లేదండీ."

"మరి నీడెలా పడింది?"

డాక్టరు మందులతో పాటు రోజూ అరగంట ఎండలో నడవమని ఇద్దరికీ రాసిచ్చాడు. మావయ్య దాన్ని తన గెలుపుగానే ఊరంతా చెప్పుకున్నాడు.

ఇలాంటి మనిషి, నా ఉద్యోగం తేలిపోయే రోజున మా గ్యాలరీకి వస్తానంటే నా గుండెల్లో రాయి పడింది. ఆర్నెల్లుగా నేనక్కడ తాత్కాలిక ఉద్యోగిని. ఫోటోలు గోడకు తగిలించడం, వచ్చినవాళ్ళకు వివరించడం నా పని. ఆ రోజు నా వివరణ వినడానికి డైరెక్టరు గారు స్వయంగా వచ్చారు. ఆవిడకు నచ్చితే ఉద్యోగం ఖాయం, లేకపోతే ఇంటికే.

నా ముందున్నది దాదాపు వందేళ్ళ నాటి నలుపు తెలుపు ఫోటో. తీసిందెవరో తెలియదు. తెల్లటి నేల మీద సన్నగా, బారుగా ఐదుగురు నల్లటి మనుషులు. ఎవరికీ మొహాల్లేవు.

"ఫోటో అంటే చిత్రకారుడి బొమ్మలా ఉండాలనుకునే కాలం పోయి, కెమెరాకు సొంత కన్నుందని కొందరు గ్రహించిన రోజులవి," అని మొదలుపెట్టాను. "పూలతోటలూ పొగమంచూ వదిలేసి గీతల వెంట, కోణాల వెంట పడ్డారు. మొహం లేని ఈ ఆకారాలు, నగరంలో తప్పిపోయిన మనిషి. కాళ్ళకున్న ఈ గుండ్రటి బరువైన బూట్లు, అతన్ని నేలకు కట్టేసిన బాధ్యతలు."

డైరెక్టరు గారు తల ఊపారు. ఒకావిడ పుస్తకంలో రాసుకుంది. నేను గాల్లో తేలిపోతున్నాను. అంతలో వెనక వరసలో ఒక చెయ్యి లేచింది.

"ఎండ ఎటునుంచి బాబూ?"

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయనెవరో ఎరగనట్టు మొహం పెట్టాను. "అది ముఖ్యం కాదండీ."

"కాదేమోలెండి, నాకు బుర్ర తక్కువ. మరి ఆ బూట్లు టోపీలెందుకు పెట్టుకున్నాయి?"

వింటున్న ఇరవై మందీ ముందుకు జరిగారు. మధ్య బూటుకు నిజంగానే అంచున్న టోపీ ఉంది. పక్కనే ఒక బుల్లి చెయ్యి, చేతిలో సంచి.

మావయ్య ఫోటోకు వీపు తిప్పి, నడుం వంచి, కాళ్ళ సందులోంచి చూడటం మొదలుపెట్టాడు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి. "ఇలా అయితే కాస్త అర్థమవుతోంది. ఎవరైనా చూసి చెబుదురూ."

ముందు ఒక కాలేజీ అమ్మాయి వంగింది. తర్వాత రాసుకుంటున్నావిడ. చూస్తుండగానే గదినిండా వంగిన నడుములే కనబడ్డాయి.

"ఇవి నీడలు," అంది ఆ అమ్మాయి కిందనుంచే. "మేడ మీంచి తీశారు. అసలు మనుషులు ఆ చిన్నచిన్నవాళ్ళు. ఎండ అవతలి వైపునుంచి వస్తోంది."

డైరెక్టరు గారు మెడ ఒకటే వంచి చూశారు. "తలకిందులుగా తగిలించారా?"

"అవునండీ. కొక్కెం బిగించింది నేనే. మనుషులన్నాక నిలబడి ఉంటారు కదా అనుకున్నాను." ఉద్యోగం ఎలాగూ పోయిందని నిజం చెప్పేశాను.

ఆవిడ ఆ నడుములన్నిటినీ ఓసారి చూశారు. "ఈ గదిలో ఒక ఫోటోను జనం ఇంతసేపు చూడటం ఇదే మొదలు. రేపు సరిగ్గా తగిలించండి. బూట్ల సంగతి మాత్రం దాచకుండా చెప్పండి. సోమవారం వచ్చి కాగితాల మీద సంతకం పెట్టండి."

సాయంత్రం మావయ్య నడుం పట్టుకుని గ్యాలరీ మెట్లు దిగుతుంటే చెయ్యి అందించాను.

"నీకెప్పుడు తెలిసింది మావయ్యా?"

"గుమ్మంలోంచే."

"అయితే నా చెవిలో చెప్పొచ్చుగా."

"అప్పటికే మొదలెట్టేశావు. మధ్యలో తప్పంటే నువ్వొక్కడివే వెర్రివాడివవుతావు. నేనడిగితే ముందు నేనవుతాను. నాకు అలవాటేగా."

నాకు చాలా సిగ్గేసింది. ఈయన ప్రశ్నకు ఇన్నేళ్ళూ నవ్వినవాళ్ళలో నేనే ముందుండేవాణ్ణి. "అందరి ముందూ నిన్ను ఎరగనట్టు ఉండిపోయాను మావయ్యా, తప్పయింది," అన్నాను.

"పోన్లేరా. నువ్వు బూట్లన్నప్పుడు నేనూ నిన్ను ఎరగనట్టే ఉన్నాను."