నేను మునగని సముద్రం

మా ఆయనకు నరసరావుపేట రోడ్డు మీద పురుగుమందుల కొట్టు ఉండేది. రెండువేల సంవత్సరం దాటాక, పత్తికి పురుగు విపరీతంగా పట్టిన ఒక ఏడాది, ఆయన కొట్లో ఒక కంపెనీ మందు బాగా అమ్ముడుపోయింది. రైతులకు అది మంచి ఏడాది కాదు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నాకు కాస్త ఇబ్బందిగానే ఉంటుంది. కంపెనీ వాళ్లు మాత్రం సంతోషించి, భార్యాభర్తలిద్దరికీ అండమాన్ టూరు ఇచ్చారు. వాళ్లు పంపిన కాగితంలో మూడోరోజు దగ్గర, గాలి సిలిండరు కట్టుకుని సముద్రం లోపలికి దిగి చేపలను చూడటం అని రాసి ఉంది. ఆ ఒక్క వాక్యం ఎన్నిసార్లు చదువుకున్నానో లెక్కలేదు.

నాకు చిన్నప్పటినుంచీ ఉబ్బసం. మా ఊళ్లో మిరప కల్లాలు మొదలయ్యేసరికి నా ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యేవి. కాయలు ఎండినంతకాలం ఆ ఘాటుకు నిద్ర ఉండేది కాదు. చూడలేక నాన్న నన్ను చీరాలలో పిన్ని ఇంటికి పంపేసేవాడు. పిన్ని ఆదివారాలు వాడరేవు తీసుకెళ్లేది. ఎండబెట్టిన చేపల వాసన దాటి నీళ్ల దగ్గరికి వెళ్లగానే ఊపిరి దానంతటదే తేలికయ్యేది. అందుకే సముద్రం నాకు కీడు చేస్తుందన్న ఆలోచన ఎప్పుడూ రాలేదు.

కాలేజీ రోజుల నుంచి నాకు వైద్యం చేస్తున్న డాక్టరుగారు గుంటూరులో ఉండేవారు. ఆయన దగ్గరికి వెళ్లి, చిన్న విషయమన్నట్టు, నీళ్లలోకి దిగొచ్చని ఒక సర్టిఫికెట్టు కావాలన్నాను. ఆయన నవ్వలేదు. ఊపిరి బలం కొలిచే ఒక గొట్టం చేతికిచ్చి మూడుసార్లు గట్టిగా ఊదమన్నారు. ఆయాసానికి నోట్లో పెట్టుకుని పీల్చే పంపు వారానికి ఎన్నిసార్లు వాడుతున్నానో, చివరిసారి ఆయాసం ఎప్పుడొచ్చిందో అడిగారు. వారానికి రెండు మూడుసార్లని, పోయిన నెల కారం కొట్టించినప్పుడు వచ్చిందని చెప్పాను.

"నీళ్లలోకి దిగేటప్పుడు కాదమ్మా, పైకి వచ్చేటప్పుడే అసలు ప్రమాదం" అన్నారాయన. "కింద పీల్చిన గాలి పైకి వచ్చేకొద్దీ ఉబ్బుతుంది. ఊపిరి సాఫీగా ఆడేవాళ్లకి అది బయటికి పోతుంది. మీ ఛాతీలోని గొట్టాలు మూసుకుపోయి ఉంటే ఆ గాలి ఎటు పోతుంది? ఊపిరితిత్తిని చీల్చుకునే పోవాలి."

నేను హైస్కూల్లో సైన్సు టీచర్ని. ఒత్తిడి తగ్గితే గాలి వ్యాకోచిస్తుందని ఏటా పిల్లలకు బెలూన్ పెట్టి చూపించేదాన్ని. అది నా ఛాతీకి కూడా వర్తిస్తుందని నాకు తట్టనే లేదు.

ఉబ్బసం ఉన్నవాళ్లందరికీ వద్దని చెప్పనని, బాగా అదుపులో ఉండి పరీక్షలన్నీ సరిగ్గా వచ్చినవాళ్లు కొందరు ఈ విషయం తెలిసిన డాక్టర్ని అడిగి దిగుతారని ఆయనే చెప్పారు. "మీరు మాత్రం ఆ కొందరిలో లేరు" అని సర్టిఫికెట్టు ఇవ్వలేదు. రోజూ వాడమని వేరే పంపు రాశారు. అది ఇవాళ్టికీ వాడుతున్నాను. ఆరోజు మాత్రం బస్సులో ఇల్లు చేరేదాకా ఆయన మీద కోపంగానే ఉన్నాను.

అండమాన్లో మూడోరోజు మమ్మల్ని పడవలో ఒక దీవికి తీసుకెళ్లి తలా ఒక కాగితం ఇచ్చారు. జబ్బుల పట్టికలో రెండో ప్రశ్నే ఉబ్బసం. పక్కన కూర్చున్న ఇంకో డీలరుగారి భార్య, "లేదని పెట్టెయ్యండి, అవన్నీ ఎవరు చూస్తారండీ" అంది. నేను 'లేదు' దగ్గర టిక్కు పెట్టాను. పరీక్షల్లో పిల్లల దగ్గర కాపీ చీటీలు పట్టుకునే చెయ్యే ఆ టిక్కు పెట్టింది.

మమ్మల్ని నీళ్లలోకి దింపే అతనికి ముప్పై ఏళ్లుంటాయి. తాతల కాలంలో శ్రీకాకుళం నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబమట, తెలుగు చక్కగా మాట్లాడాడు. కాగితాలన్నీ తీసుకుని మా ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"ఇందులో ఏం రాశారో పక్కన పెట్టండి. గుండె, ఊపిరి, చెవులు, వీటిలో ఏ ఇబ్బంది ఉన్నా ఇప్పుడు చెప్పండి. సిగ్గుపడక్కర్లేదు."

మా ఆయన నా వైపు చూశారు. చెప్పేస్తారేమో అనుకున్నాను. ఆయన నా చేతిలో ఉన్న టవల్ తీసుకుని పట్టుకున్నారు, అంతే. అప్పుడు నేనే చెప్పాను. డాక్టరుగారు వద్దన్న సంగతి కూడా దాచలేదు.

అతను కసురుకోలేదు. చెప్పి మంచిపని చేశారంటూ, నా కాగితం వెతికి ఇచ్చి సరిచేయించుకున్నాడు. నేను తలొంచుకున్నాను. అప్పుడతను, ఇప్పుడు ఊపిరి ఎలా ఉందో, పంపు తెచ్చుకున్నానో లేదో అడిగాడు. పంపును పడవలో తన డబ్బాలో పెట్టి, నాకు కళ్లద్దాలు, ఊపిరి గొట్టం, నడుముకు రబ్బరు ట్యూబు ఇచ్చాడు. మిగతావాళ్లను పది నిమిషాలు ఆగమని, నా చెయ్యి పట్టుకుని పైపైనే తేలుతూ తీసుకెళ్లాడు.

ముఖం నీళ్లలో పెట్టగానే కింద వెలుతురు. రాళ్లలా కనిపించినవన్నీ ప్రాణమున్న పగడాలు. పసుపు చారల చేపలు గుంపుగా వచ్చి, నేను అక్కడ లేనట్టే నా కిందనుంచి సాగిపోయాయి.

కాసేపటికి ఛాతీ బిగిసింది. గొట్టంలోకి చేరిన ఉప్పునీటి తుంపర వల్లో, అలవాటులేని ఈత వల్లో తెలియదు. చెయ్యి నొక్కగానే అతను తల పైకెత్తించి పడవ ఎక్కించాడు. పంపు పీల్చుకుని కూర్చున్నాను. పిల్లికూతలు తగ్గడానికి పావుగంట పట్టింది. నేను మాట్లాడగలిగేదాకా అతను పక్కనుంచి కదల్లేదు. అదే పావుగంట నీళ్ల అడుగున వచ్చి ఉంటే ఏమయ్యేదో ఇద్దరికీ తెలుసు. గుంటూరులో తల అడ్డంగా ఊపిన పెద్దాయనకు అక్కడినుంచే మనసులో దండం పెట్టుకున్నాను.

తర్వాత మా ఆయన సిలిండరు కట్టుకుని దిగారు. ఆయన బుడగలు ఎక్కడ పైకి వస్తున్నాయో అక్కడే చూస్తూ కూర్చున్నాను. బయటికి వచ్చాక ఆయాసం తగ్గిందా అని ముందు అడిగి, తగ్గిందన్నాక మొదలుపెట్టారు. మామూలుగా నాలుగు మాటలకు మించి మాట్లాడని మనిషి, ఆ రోజు పడవ ఒడ్డు చేరేదాకా, తను చూసిన ఒక్కో చేపా ఎంత పొడవుందో చేతులు చాపి చూపిస్తూనే ఉన్నారు.