ఆరియా పైడయ్య

లోకంలో క్రైస్తవులంతా ప్రార్థన చివర "ఆమెన్" అంటే, మల్కాపురం పైడయ్య ఒక్కడే "ఆరియా" అంటాడు. అదీ ఊరికే నోటితో అని ఊరుకోడు. కుడిచెయ్యి ముందుకు చాచి, అరచెయ్యి నేలవైపు తిప్పి, కనపడని పిల్లి వీపు నిమురుతున్నట్టు ఆడిస్తూ, "ఆరియా... ఆరియా... మెల్లగా" అంటాడు. అందరూ కళ్ళు మూసుకుంటే అతను మాత్రం పైకప్పు వంక బెదురుగా చూస్తుంటాడు.

ఆ మాట పోర్టుది. ఓడలోంచి సరుకు దించేటప్పుడు క్రేను డ్రైవరు ఎక్కడో పైన గదిలో కూర్చుంటాడు. అతనికి కింద ఏముందో సరిగ్గా కనపడదు. కింద నిలబడి చేతిసైగలతో అతన్ని నడిపించేవాడు సిగ్నల్‌మేన్. "ఆరియా" అంటే కళాసీల భాషలో దించమని. పైడయ్య ముప్పై నాలుగేళ్ళు ఆ పని చేసి రిటైరయ్యాడు. పోర్టు అతన్ని వదిలింది గాని, అతను పోర్టును వదల్లేదు. భార్య సన్యాసమ్మ పొయ్యి మీంచి కుక్కరు దించుతుంటే గుమ్మంలో నిలబడి "ఆరియా". పక్కింటి జోగమ్మ నెత్తిమీంచి చేపల తట్ట దించుతుంటే వీధిలోకి ఉరికి "ఆరియా".

"నాను కాపరం సేత్తన్నానా, కార్గో దించుతన్నానా?" అని సన్యాసమ్మ తల కొట్టుకునేది.

పైడయ్యకు పామంటే భయం లేదు, పోలీసంటే భయం లేదు. భయమల్లా దేవుడంటే. తప్పు చేస్తే శిక్షిస్తాడన్న భయం కాదది. అలాంటిది అందరికీ ఎంతో కొంత ఉంటుంది. పైడయ్య భయం వేరు. పోర్టులో ప్రతి క్రేను మీదా అది ఎంత మొయ్యగలదో రంగుతో రాసి ఉంటుంది. పది టన్నులు, ఇరవై టన్నులు. లిమిట్ రాయని క్రేను కింద నిలబడకూడదని ఉద్యోగంలో చేరిన మొదటిరోజే చెప్పారు.

"మరి సర్వశక్తిమంతుడంటే ఏటి? లిమిట్ రాయని క్రేను! ఆదోరం ఆదోరం మనందరం తలలొంచుకుని దాని కిందే కూకుంతన్నాం" అనేవాడు పైడయ్య. అందుకని చర్చికి పసుపుపచ్చ హెల్మెట్ పెట్టుకుని వచ్చేవాడు.

హుద్‌హుద్ తుఫాను వచ్చిన రోజు వీధి వీధంతా చర్చిలోనే తలదాచుకుంది. యారాడ కొండ వైపు నుంచి గాలి రంకెలేస్తోంది. ఎదురింటి రేకులు పేకముక్కల్లా లేచిపోతున్నాయి. పాస్టరుగారి పేరు సాయిశంకర్. ఆ సంఘంలో నమ్మకం మారినా పుట్టినప్పటి పేర్లు ఎవరూ మార్చుకోలేదు. అందరూ ఆయన్ని అయ్యగారంటారు. ఆయన మోకాళ్ళ మీద పడి, రెండు చేతులూ ఎత్తి, "ప్రభువా! నీ మహాశక్తిని చూపించు!" అని ఎలుగెత్తారు.

పైడయ్య ఒక్క గెంతులో వెళ్ళి ఆయన నోరు మూసేశాడు.

"ఓలమ్మో! సూపించమనకండి అయ్యగోరు! ఇప్పుడు సూపిత్తన్నది సాలదేటి?"

ఆ తర్వాత గాలి తగ్గేదాకా గుమ్మంలో నిలబడి, జల్లు మొహాన కొడుతున్నా కదలకుండా, చెయ్యి చాచి "ఆరియా, ఆరియా" అంటూనే ఉన్నాడు. పెదవులు ఇంకేదో గొణుగుతూనే ఉన్నాయి. పళ్ళు టకటకా కొట్టుకోవడం మాత్రం లోపలి వాళ్ళకు వినపడింది. ఇంత పిరికివాణ్ణి ఎక్కడా చూడలేదని అందరూ తీర్మానించారు. సన్యాసమ్మ కూడా అలాగే అనుకుని సిగ్గుపడింది.

ఇంకో ఆదివారం అయ్యగారు దేవుని సర్వశక్తి మీదే ప్రసంగం పెట్టుకున్నారు. ఆయన నోటిమాటతో వెలుగు పుట్టిందనీ, ఆ శక్తికి మేర లేదనీ చెబుతుండగా హెల్మెట్ కింద నుంచి ఒక చెయ్యి లేచింది.

"అయ్యగోరు, ఒక డౌటు."

"ప్రసంగం అయ్యాక అడుగు పైడయ్యా."

"అయ్యేదాకా ఆగితే నాకు బీపీ వచ్చీతాది. మేర నేదంటే, బ్రేకు కూడా నేదా?"

సంఘమంతా గొల్లుమంది. సన్యాసమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. అయ్యగారు మాత్రం నవ్వలేదు. చేతిలో బైబిలు మూసి, "దేవుడు చేయలేనివి కొన్ని ఉన్నాయి పైడయ్యా" అన్నారు.

నవ్వులు ఆగిపోయాయి.

"ఆయన అబద్ధమాడలేడు. ఇచ్చిన మాట తప్పలేడు. చెడ్డపని చేయలేడు. బలం చాలక కాదు, ఆయన స్వభావమే అది. ఆయన శక్తికి హద్దు లేదు. కాని ఆ శక్తి ఎప్పుడూ ఆయన మంచితనాన్ని వదిలి పోదు."

"అద్గదీ! బ్రేకుంది!" అని పైడయ్య తృప్తిగా హెల్మెట్ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. అయిదు నిమిషాలైనా కాకుండా అయ్యగారు, "అయినా ఆయన తలచుకుంటే ఒక్క క్షణంలో ఈ లోకమంతా..." అన్నారు. హెల్మెట్ మళ్ళీ నెత్తి మీదికెక్కింది.

ఇలా నవ్వుకుంటూ గడిచిపోతున్న కాపురంలో ఈ ఏడు సన్యాసమ్మ గుండెకు జబ్బు చేసింది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. పెద్దాసుపత్రి డాక్టరు పరీక్షలన్నీ చూసి, గుండెలో వాల్వు పాడైందనీ, ఆపరేషన్ చెయ్యాలనీ చెప్పాడు.

"కంగారేం లేదమ్మా. గుండెను కాసేపు ఆపుతాం. బాగుచేసి మళ్ళీ నడిపిస్తాం."

బస్సు ఇంజను గురించి చెప్పినట్టు చెప్పాడాయన. ఆ "ఆపుతాం" అన్న మాట సన్యాసమ్మ లోపల దిగబడిపోయింది. ఆపినది మళ్ళీ నడవకపోతే? అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటే అదే. హార్బరు వైపు ఓడ కూత వేస్తే అదే. తన గుండె చప్పుడు తానే వింటుండేది. ఒక దెబ్బకూ ఇంకో దెబ్బకూ మధ్య కాస్త ఆలస్యమైతే ఒళ్ళంతా చెమటలు పట్టేవి. ఆమెకు అంత భయం పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ లేదు.

ఆపరేషన్‌కు మూడురోజుల ముందు ఆమె కోసం సంఘమంతా ఇంట్లో ప్రార్థన పెట్టింది. అయ్యగారు కన్నీళ్ళతో, "ప్రభువా, నీ బలమైన హస్తం ఈ బిడ్డ గుండె మీద వెయ్యి!" అన్నారు.

"బలమైన సెయ్యి వొద్దండీ!" పైడయ్య కేక పెట్టాడు. "గుండెండీ అది! మెల్లగా! ఆరియా! ఆరియా!"

జోగమ్మ కిసుక్కుమంది. సన్యాసమ్మకు నవ్వు రాలేదు. అందరూ వెళ్ళాక మొగుడి మీద విరుచుకుపడింది.

"జోగమ్మ మొగుడు తాగుబోతు. ఆడు కూడా పెళ్ళానికి జొరమొత్తే, దేవుడా దీన్ని బతికించమని ఏడిసాడు. నన్ను బతికించమని నువ్వు ఒక్కపాలైనా అడిగేవా? ఇన్నేళ్ళ బట్టీ దించు, దించు! ఏటి దించుతావు నన్ను, గోతిలోకా?"

పైడయ్య జనం కూర్చున్న చాపలు చుట్టసాగాడు. సన్యాసమ్మ అటు తిరిగి కూర్చుంది. నా మొగుడు తన భయం తప్ప నా ప్రాణం పట్టించుకోడన్న దిగులు, ఉన్న భయానికి తోడయింది.

ఆపరేషన్ రోజు పొద్దున్నే ఆసుపత్రి లిఫ్టు దగ్గరికి వెళ్ళేసరికి పైడయ్యకు ప్రాణం లేచొచ్చింది. అందులో లిమిట్ రాసి ఉంది. ఎనిమిది మంది, అయిదు వందల నలభై నాలుగు కిలోలు. ఎక్కిన వాళ్ళనందరినీ వరసగా "మీరెంత? మీరెంత?" అని అడిగి, కూడి, బొజ్జ ఉన్న ఒక పెద్దమనిషిని దిగిపొమ్మన్నాడు. ఆయన దిగలేదు. పైడయ్యే దిగి మెట్లెక్కి వచ్చాడు.

పైన డాక్టరు కనపడగానే పట్టుకున్నాడు.

"డాట్రు బాబూ, తమరికి లిమిట్ ఉందా?"

"ఎందుకుండదు పెద్దాయనా? మేమూ మనుషులమే కదా."

"అయితే తమర్ని నమ్మొచ్చు" అని పైడయ్య దణ్ణం పెట్టాడు.

థియేటరు బయట సన్యాసమ్మను చక్రాల మంచం మీద పడుకోబెట్టారు. లోపల సిద్ధం చెయ్యడానికి ఇంకో పావుగంట పడుతుందన్నారు. పక్క మంచం మీద పాతవూరి మదీనా బీ. ఆమె భర్త హుస్సేన్ బాషాకు తాళాల దుకాణం. ఆమెకూ ఆ రోజే ఆపరేషన్. ముసలాయన జపమాల తిప్పుతూ గోడవైపు చూస్తున్నాడు.

సన్యాసమ్మ చెయ్యి మంచు ముక్కలా ఉంది. పైడయ్య పట్టుకున్నాడు.

"సన్యాసీ, ఆయేళ నువ్వడిగినదానికి జవాబు సెప్తానుండు. నీకు బలముందని క్రేను డ్రైవరికి సిగ్నల్‌మేను సెప్పక్కర్నేదే. అది ఆడికి తెల్సు. నానెప్పుడూ ఉత్తి ఆరియా అన్నేదు. కింద ఎవులున్నారో నోట్లో సెప్పుకుంతాను. తుపాను నాడు సర్చిలో నూటపద్నాలుగు మందుంటే నూటపద్నాలుగు పేర్లూ సెప్పేను. కింద జోగమ్మ ఉంది, మెల్లగా. కింద జోగమ్మ మొగుడున్నాడు, తాగున్నాడు, సూసుకో అని. నీ పేరు పెళ్ళయిన కాణ్ణించీ రోజూ పొద్దున్నే మొదలు సెప్తాను."

సన్యాసమ్మ మొగుడి వైపు తల తిప్పింది. సన్నగా అడిగింది.

"కింద ఎవులున్నారో దేవుడికి కనబడదేటయ్యా?"

"కనబడతాది. మనకే ఆయన కనబడడు. సిగ్నల్‌మేనుండేది డ్రైవరు కోసమనుకున్నావేటి? కిందోళ్ళ కోసవే. పక్కనొకడు సెయ్యి సాపి నిలబడితే ఆళ్ళకి కొంచెం దైర్నం."

"మరి ఎప్పుడూ దించమంతావేటి? అందరూ లేవనెత్తు పెబువా అంతారు కదా."

"ఎత్తడం ఏ ఇంజనైనా ఎత్తుతాది. ఇరవై టన్నులు పట్టుకొచ్చి కోడిగుడ్డు మీద ఆన్చినా అది సితక్కూడదు. అదీ బలమంటే! కొండలూ సంద్రం సేసినోడు ఓ ఆడకూతురి కడుపులోకి దిగేడు. పశువుల తొట్టిలోకి దిగేడు. కింద గడ్డైనా నలగనేదు. అలాగ దిగిన సెయ్యి నీ గుండె ముట్టుకోవాలని అడుగుతన్నాను. బతికించమని కాపోతే దేనికే ఇదంతా?"

ముప్పై ఏళ్ళకు పైగా ఈ మనిషిని చూసి సిగ్గుపడినందుకు సన్యాసమ్మకు ఇప్పుడు సిగ్గేసింది. భయం పోలేదు గాని, భయంలో తాను ఒక్కతే లేదని తెలిసింది.

"నీకు బయ్యం నేదా?" అంది.

"నేకేటి? మోకాళ్ళు కొట్టుకుంతన్నాయి, ఇనబడ్నేదా?"

ఇదంతా వింటున్న హుస్సేన్ బాషా మెల్లగా దగ్గరికొచ్చాడు.

"భాయ్, మేం మా దువా చేసుకున్నాం. అల్లా చూసుకుంటాడు. కాని మీరు చెయ్యి కూడా ఊపుతారు కదా! ఆ ఊపేదాంట్లో మా మదీనా బీ పేరు కూడా కలపండి."

"బరువెంత?"

"యాభై రెండు కిలోలు."

"కలుపుతాను" అన్నాడు పైడయ్య గంభీరంగా.

తలుపులు తెరుచుకున్నాయి. మంచం లోపలికి కదిలింది. మత్తుమందు ఎక్కేముందు సన్యాసమ్మకు కనపడిన ఆఖరి మనిషి మొగుడే. చాచిన చెయ్యి గాలిలో ఆకులా వణుకుతున్నా కిందకు దిగలేదు.

ఆమెకు మెలకువ వచ్చేసరికి ఏదో మిషను టిక్కు టిక్కుమంటోంది. అది తన గుండేనని అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. నర్సు సత్యశ్రీ వంగి చూసి, నోట్లో గొట్టం తీసేశాక, ఆపరేషన్ చక్కగా జరిగిందని చెప్పింది.

సన్యాసమ్మ కళ్ళు నాలుగువైపులా వెతికాయి. మొగుడు లేడు. కొత్తగా నడవడం మొదలెట్టిన గుండె మళ్ళీ జారింది.

"మా ఆయనేడమ్మా? ఆయనకేటైనా అయిందా?"

"ఆయనకేం కాలేదమ్మా. మాకే అయింది" అని సత్యశ్రీ వాపోయింది. "మిమ్మల్ని అద్దంలోంచి చూసి, చేతులు జోడించి, మళ్ళీ థియేటరు ముందుకే పోయారు. మదీనా బీ గారిది కూడా బాగా అయింది. అది చూసి మిగతా పేషెంట్ల వాళ్ళంతా ఆయన ముందు లైను కట్టారు. ఒక్కొక్కరి పేరూ బరువూ అడిగి మరీ చెయ్యి ఊపుతున్నారు. మా సెక్యూరిటీ అయితే ఊళ్ళో ఉన్న వాళ్ళమ్మ పేరు ఇచ్చాడు. కుడిచెయ్యి పడిపోతోందని ఇప్పుడు ఎడమచెయ్యి మొదలెట్టారు. రండి, మీ ఆవిడ లేచే వేళయిందంటే, లోపల ఇంకా ఇద్దరున్నారు, వాళ్ళు దిగాక వస్తానంటున్నారు!"

సన్యాసమ్మ పెదవుల మీద మెల్లగా నవ్వు పాకింది. నవ్వితే కుట్లు లాగాయి.

"కాని బాగా భయపడుతున్నారమ్మా," సత్యశ్రీ గొంతు తగ్గించింది. "ఒళ్ళంతా చెమటలు. భయం తగ్గడానికి ఒక మాత్ర ఇమ్మంటారా?"

"మాత్రొద్దు తల్లీ. ఆయనకి కాసింత మజ్జిగియ్యి," అంది సన్యాసమ్మ కళ్ళు మూసుకుంటూ. "ఆయన్నలాగే బయపడనియ్యి. బయ్యం నేనోడి సైగ నమ్మి ఎవులూ కింద నిలబడకూడదు."