నూనె, గుడ్డ, ఆ తర్వాతే సబ్బు

ల్యాబ్‌లో అసిటోన్ సీసా మూత తీయగానే ముక్కుకు తగిలే ఆ తియ్యటి ఘాటు నన్ను ఇప్పటికీ సత్తెనపల్లిలో నేను చదివిన జూనియర్ కాలేజీకి లాక్కుపోతుంది. ఇప్పుడు నేను గుంటూరు దగ్గర మిరపకాయల నుంచి కారపు సారం తీసే ఫ్యాక్టరీలో కెమిస్టుని. నన్ను ఇక్కడిదాకా నడిపించింది మా కెమిస్ట్రీ మేడం కరుణమ్మ గారు. పొట్టి మనిషి, పెద్ద గొంతు, కొంగు నిండా ఎప్పుడూ సుద్దపొడి. వెనక బెంచీలో ఎవరైనా కునికితే, "ఏమ్మా, దుప్పటి తెప్పించనా?" అనేవారు.

అప్పట్లో మా అమ్మ మిరపకాయల తొడిమలు తీసే కూలికి వెళ్లేది. సాయంత్రం ఇంటికొచ్చి చెంబులకు చెంబులు నీళ్లు పోసుకుని చేతులు కడిగేది. అయినా నెలల పిల్లాడైన మా తమ్ముడు, అమ్మ చెయ్యి తగిలితే చాలు, గుక్కపట్టి ఏడ్చేవాడు. చివరికి అమ్మ తేల్చి చెప్పేసింది. "నువ్వు కాలేజీ మానెయ్యవే. నేను పనికి పోకపోతే జరగదు. వాణ్ణి నువ్వే ఎత్తుకోవాలి." నాకు ఏడుపు ముంచుకొచ్చింది. కానీ ఆమె మీద ఏమని కోప్పడను? కన్నబిడ్డను ముట్టుకోలేని బాధ ఆమెది.

మేడంకి చెబితే ఓదార్పు మాటలేమీ లేవు. రెండు పరీక్షనాళికల్లో ఒకదాంట్లో నీళ్లు, ఇంకోదాంట్లో అసిటోన్ పోసి, చిటికెడేసి కారం వేసి ఊపమన్నారు. నీళ్లలో కారం తేలుతూ మునుగుతూ ఉండిపోయింది. అసిటోన్ మాత్రం ఎర్రబడింది.

"నీటి అణువుకి ఒక కొసన కాస్త ధనావేశం, ఇంకో కొసన ఋణావేశం. అందుకే అవి ఒకదాన్నొకటి పట్టుకుని వదలవు. కారానికేమో పొడుగాటి నూనె తోక. దాన్ని నీళ్లు దగ్గరికి రానివ్వవు. మీ అమ్మని ముందు చేతులకి నూనె రాసుకోమను."

"ఈ అసిటోనే తీసుకెళ్లనా మేడం?"

"చర్మం పాడైపోతుంది. ఇంట్లో వంటనూనె లేదూ?"

అమ్మ నమ్మకం లేకుండానే రాసుకుంది. తర్వాత అలవాటు ప్రకారం నీళ్లతో కడిగేసి తమ్ముణ్ణి ఎత్తుకుంది. వాడు ఎన్నడూ లేనంతగా కేకలు పెట్టాడు. "తగలెయ్య మీ మేడం చదువు!" అంటూ అమ్మ కూడా ఏడ్చింది. ఇక చదువు మానేస్తున్నానని చెప్పడానికే మర్నాడు కాలేజీకి వెళ్లాను.

అంతా విని మేడం కుర్చీలోంచి లేచారు. "తప్పు నాదేనమ్మా. సగం పాఠం చెప్పి పంపించాను."

సాయంత్రం అమ్మ పని నుంచి వచ్చే వేళకి ఆవిడ మా ఇంట్లో ఉన్నారు. నేను కుర్చీ కోసం పరుగెత్తేలోపే నేల మీద కూర్చున్నారు. అమ్మ చేత నూనె రాయించి, పాత గుడ్డతో గట్టిగా తుడిపించారు. గుడ్డ ఎర్రబడింది. మళ్లీ నూనె, మళ్లీ గుడ్డ, ఆ తర్వాతే సబ్బు.

"కారాన్ని నూనె లాగిందమ్మా. ఆ నూనెని నీళ్లు కడగలేవు. అందుకే నిన్న మంట ఇంకా పాకింది. సబ్బుకి ఒక కొస నూనెతో కలుస్తుంది, ఇంకో కొస నీళ్లతో కలుస్తుంది. ఇద్దరికీ చుట్టం అదొక్కటే."

అమ్మ కడుక్కున్న చేతుల్ని వెనక్కి దాచుకుంది. "వద్దండీ, నాకు భయం. వాణ్ణి ముట్టుకోను."

మేడం వాదించలేదు. కళ్లజోడు తీసి, అమ్మ చెయ్యి అందుకుని, ఆ వేళ్లను తన కంటిరెప్ప మీద రుద్దుకున్నారు. "అయ్యో అమ్మగారూ" అంటూ అమ్మ చెయ్యి లాక్కోబోయింది. ఆవిడ వదల్లేదు. మేం ఆ కన్ను వంకే చూశాం. కన్ను ఎర్రబడలేదు.

"ఇప్పుడెత్తుకో."

తమ్ముడు అమ్మ వేలు నోట్లో పెట్టుకుని చప్పరించాడు. అమ్మ నవ్వింది. నేను వెక్కివెక్కి ఏడ్చాను, సంతోషంతోనే. మేడం మాత్రం కళ్లజోడు పెట్టుకుంటూ, "రేపు పొద్దున్నే ల్యాబు. ఆలస్యంగా వచ్చావో, బయటే నిలబెడతా" అన్నారు.

ఆ తర్వాత అణువుల గురించి చాలా చదివాను, చాలా మర్చిపోయాను కూడా. మొన్న మా ఫ్యాక్టరీలో కొత్తగా చేరిన ఓ పిల్లతల్లి ఇంటికి బయల్దేరుతూ నూనె, గుడ్డ, సబ్బు అన్నీ అయ్యాక కూడా తన చేతులు చూసుకుంటూ నిలబడిపోయింది.

"నిజంగా పోయిందంటారా మేడం?" అంది.

నేను కళ్లజోడు తీశాను.