మోరీ దాటిన పసుపు కారు

2011 ఎండాకాలం. సూర్యాపేటలో హైవే పక్కన నా దుకాణం. దుకాణమనగానే గోడలు, బోర్డు ఊహించుకోకండి. నాలుగు కర్రలు, వాటి మీద టార్పాలిన్ తాటిపత్రి, ఒక గ్యాస్ సిలిండర్, దాని పక్కన నేను. లారీలకు డెంటింగ్ చేసేవాణ్ణి. డెంటింగ్ అంటే సొట్టలు తీయడం. ఎనిమిదో తరగతిలో లెక్కల సారూ నేనూ ఒకరి మొహం ఒకరు చూడలేక విడిపోయాం. ఆయన బడిలో ఉండిపోయాడు, నేను సుత్తి పట్టుకున్నాను.

ఆ నెలలోనే రోడ్డు వెడల్పు చేస్తున్నామని, జాగా ఖాళీ చేయమని చెప్పిపోయారు. నా దుకాణాన్ని మడతపెట్టి చంకలో పెట్టుకోవచ్చు, అది సమస్య కాదు. ఆ చంకను ఎక్కడికి తీసుకుపోవాలన్నదే సమస్య. పదహారేళ్లుగా సంపాదించుకున్న గిరాకీ అంతా ఆ తాటిపత్రి నీడకే వచ్చేది. నీడ పోతే గిరాకీ పోతుంది.

సరిగ్గా అప్పుడే మిర్యాలగూడ నుంచి పుల్లయ్య సేటు ఫోను చేశాడు. ఆయనకు రైస్ మిల్లు ఉంది, నాలుగు లారీలున్నాయి. ఆ నాలుగింటి మూతులూ నేను సరిచేసినవే.

“యాదగిరీ, కారు కొన్న.”

“మంచిగైంది సేటూ. ఎన్ని టన్నులు మోస్తది?”

“మోసేది కాదురా. ఉరికేది. స్పోర్ట్స్ కారు.”

నేను నవ్వలేదు. నవ్వు ఆపుకోవడానికి పక్కనున్న బకెట్లో చేయి పెట్టాల్సి వచ్చింది, అంతే. సేటుకు యాభై ఏడేళ్లు. పంచె కడతాడు.

వెళ్లి చూశాను. జపాన్ బండి, సెకండ్ హ్యాండ్, పసుపు రంగు, రెండే తలుపులు. సేటు భార్య అనసూయమ్మ గడపలో నిలబడి ఉంది. “జూడు యాదగిరీ, మీ సేటు తెలివి. రెండు తలుపులే ఇచ్చిన్రు. కడమ రెండు ఎప్పుడిస్తరో అడగలేదంట” అంది.

సేటు ఆ మాట విననట్టు డిక్కీ పక్కన గోడకు ఆనించి ఉన్న అట్టపెట్టెలు చూపించాడు. అందులో ఉన్నది బాడీ కిట్. అంటే కారుకు పైనుంచి తొడిగే అలంకారం. ముందు బంపరు కింద పెదవిలా వచ్చేది ఫ్రంట్ లిప్, పక్కల కింద అంచులా వచ్చేవి సైడ్ స్కర్ట్‌లు, వెనక బంపరు కింద వచ్చేది డిఫ్యూజర్, డిక్కీ మీద రెక్క స్పాయిలర్. అన్నీ ఫైబర్‌వి. ఫైబర్ చూడ్డానికి రేకులా ఉంటుంది, స్వభావం మాత్రం అప్పడానిది.

“గీ కిట్ హైదరాబాద్‌ల కొన్న. ఆడనే బిగిస్తమన్నరు. అంతల ఆ దుకాణం పోరడు నా పంచె దిక్కు జూసి, ‘మీ అబ్బాయికా అంకుల్?’ అన్నడు. నాకు మండింది. పెట్టెలు ఎత్తుకోని, మా దిక్కు బిగించెటోడు ఉన్నడని చెప్పి వచ్చేసిన.”

“ఎవరు సేటూ ఆ బిగించెటోడు?”

“నువ్వే.”

నేను జీవితంలో అంతవరకు బాడీ కిట్ ముట్టలేదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. ఆదివారం పదకొండు గంటలకు సూర్యాపేటలో రైస్ మిల్లర్ల మీటింగ్ ఉంది, ఆ కారులో దిగుతానని ఆయన అందరికీ చెప్పేసుకున్నాడు. ముప్పై ఏళ్లు లారీల వెనక నడిచానని, ఇక కొంచెం ముందు నడుస్తానని అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

“స్టేషన్ రోడ్డు మీద నా షట్టర్ ఖాళీగ ఉంది. నలుగురు అడిగిన్రు, ఎవలకు ఇయ్యలే. ఒక్క గీత పడకుండ నా కారు ఇంట్లకెళ్లి రోడ్డెక్కితే షట్టర్ నీకు కిరాయికిస్త. గీత పడ్డదో, నీ తాటిపత్రి నీకే.”

రోడ్డు మీద షట్టర్! సిమెంటు నేల, పైన కప్పు, రాత్రిళ్లు తాళం. నాకు కారు కనిపించడం మానేసింది, షట్టరే కనిపించింది. తర్వాత జరిగిన పొరపాటుకు మూలం అదే.

ఇంటికి ఎదురుగానే ఉన్న మిల్లు షెడ్డులో పని చేద్దామనుకున్నాం గాని కుదరలేదు. కిట్‌లో సగం భాగం డబుల్ సైడెడ్ టేప్ మీద నిలబడాలి, మిగతా సగం స్క్రూల మీద. మిల్లు గాలిలో తౌడు ఉంటుంది, తౌడులో నూనె ఉంటుంది. ఆ నూనె పొర పడ్డచోట టేప్ పట్టదు. అందుకని సేటు ఇంటి పోర్టికోలోనే పని పెట్టుకున్నాం. దుమ్ము రాకుండా చుట్టూ తడి దుప్పట్లు కట్టాం. అవి అనసూయమ్మ దుప్పట్లని కట్టిన తర్వాత తెలిసింది.

రంగు కోసం కోదాడ నుంచి బుజ్జిబాబును పిలిపించాను. పసుపులో ఆరు రకాలు చూపిస్తే, ఏ రకం కారుకు కలుస్తుందో కన్ను మూసుకుని చెప్పగలడు. నోరు మాత్రం మూయలేడు.

మొదట టెస్ట్ ఫిట్. అంటే బిగించకుండా ఉత్తగా ఆనించి చూడడం. లిప్ ఒక పక్క అతుక్కుంటే రెండో పక్క వేలెడు ఖాళీ. నేను లారీ అలవాటు కొద్దీ సుత్తి అందుకున్నాను. బుజ్జిబాబు నా చేయి పట్టుకున్నాడు.

“ఏంటండీ అది? మీరు కొట్టబోయేది ఫైబరండీ బాబూ. కొడితే నాలుగు లిప్‌లు వస్తాయి, ఒక్కటీ అతకదు.”

“మరి ఎట్ల?”

“బుజ్జగించాలండి.”

బుజ్జగించాం. ఎక్కువున్నచోట సన్నగా రాకాం, తక్కువున్నచోట వేడిగాలి పెట్టి వంచాం. రంధ్రాలు బయటికి కనిపించకుండా చక్రాల గూటి లోపలి వైపునుంచి వేశాం. స్క్రూ కింద వాషరు లేకుండా గట్టిగా తిప్పితే ఫైబర్ చిట్లుతుంది. లారీలో గట్టిగా తిప్పినవాడు మంచి మెకానిక్, ఇక్కడ ఆపడం తెలిసినవాడు మంచి మెకానిక్. ప్రైమర్, రంగు, పైన మెరుపు కోటు, ఆరబెట్టడం, టేప్ అంటించడం, టేప్ పట్టు బిగిసేదాకా ఒక పూటంతా కారును తాకకుండా ఉండడం. అన్నిటికంటే కష్టమైంది చివరిదే. సేటు గంటకోసారి వచ్చి “ముట్టుకోను, ఉత్తగ జూస్త” అనేవాడు. చేతులు వెనక్కి కట్టుకుని మరీ చూసేవాడు.

ఆదివారం పొద్దున ఎనిమిదికి దుప్పట్లు తీశాం. ఎండ నేరుగా కారు మీద పడింది. లిప్ ఎక్కడ మొదలైందో, బంపరు ఎక్కడ అయిపోయిందో నాకే తెలియలేదు. నేల మీద పొట్ట ఆనించి, దూకడానికి సిద్ధంగా ఉన్న పులిలా ఉంది. బుజ్జిబాబు కూడా ఒక నిమిషం మాట్లాడలేదు. అది చరిత్ర.

అప్పుడు మిల్లులో హమాలీల మేస్త్రీ బాలునాయక్ వచ్చాడు. నోట్లో వేపపుల్ల. కారు చుట్టూ ఒక రౌండు తిరిగాడు. లిప్ కింద అరచేయి పెట్టి చూశాడు. లేచి గేటు దాకా నడిచి, కిందికి చూసి, మళ్లీ కారు దిక్కు చూశాడు.

“అన్నా, మస్తుంది. మరి ఇది బయటికి ఎట్ల పోతది?”

నేను గేటు దాకా ఉరికి కిందికి చూశాను.

మిర్యాలగూడలో ఇళ్లు రోడ్డుకంటే ఎత్తుగా కట్టుకుంటారు. గేటు ముందు మురుగునీళ్ల మోరీ, మోరీ మీదుగా రోడ్డుకు దిగే సిమెంటు ర్యాంపు. సేటు ఇంటి ర్యాంపు పిల్లలు జారే జారుడుబల్లంత నిటారుగా ఉంది. కిట్ లేనప్పుడు కారు దాన్ని ఎలాగోలా ఎక్కింది. ఇప్పుడు మేము ముందూ వెనకా పక్కలా అంతటా కిందికి దించాం. దిగేటప్పుడు చక్రం రోడ్డును తాకకముందే లిప్ తాకుతుంది. వెనక్కి దింపితే డిఫ్యూజర్ తాకుతుంది. కారులో ప్రతి సందూ మిల్లీమీటర్లలో కొలిచాను. గేటు ముందు మోరీని మాత్రం చూడలేదు. పదహారేళ్లు లారీల కింద పడుకున్నవాడికి మోరీ ఒక అడ్డంకి అని తోచదు కదా. లారీ మోరీని లెక్కచేయదు, మోరీయే లారీని తప్పుకుంటుంది.

“లిప్ తీసెయ్యున్రి, రోడ్డు మీద మళ్ల పెడ్దాం” అన్నాడు సేటు. టేప్ పట్టేసింది. ఇప్పుడు పీకితే ముక్కలే.

“పన్నెండు మందిమి ఉన్నం, ఎత్తి రోడ్డు మీద పెడ్తం” అన్నాడు బాలునాయక్. ఎక్కడ పట్టుకున్నా చేతులు స్కర్ట్‌ల మీదే పడతాయి.

సేటు మిల్లుకు ఫోను చేశాడు. “ఇరవై వడ్ల బస్తాలు పంపియ్యి. ర్యాంపు ముంగట పరుస్తం.”

గడపలోంచి అనసూయమ్మ కేక. “ఏందీ? అన్నం మీదికెళ్లి కారు తోలుతవా? ముప్పై ఏండ్ల సంది ఆ వడ్లే మనకు బువ్వ పెట్టినయి. ఒక్క బస్తా మీద చక్రం పడితే నీకు పండుకునే జాగ గూడ ఆ కారులనే.”

సేటు ఫోను జేబులో పెట్టుకున్నాడు. ఆమె మాటలో తప్పు లేదు. పొరపాటున వడ్ల గింజ కాలికి తగిలితే కళ్లకద్దుకునే ఇల్లు అది.

తొమ్మిదయింది. మీటింగ్ పదకొండుకు, సూర్యాపేటకు గంట ప్రయాణం. నేను ర్యాంపు అంచున కూలబడ్డాను. చెవుల్లో షట్టర్ కిందికి దిగుతున్న చప్పుడు వినిపిస్తోంది.

ఎదురుగా మిల్లు గేటు. లోపల లారీకి లోడు ఎత్తుతున్నారు. నేల నుంచి లారీ మీదికి పొడుగాటి తుమ్మ పలక వేసి, దాని మీద హమాలీ భుజాన బస్తాతో నడిచి పోతున్నాడు. లారీ అంత ఎత్తు, అయినా మనిషి వంగకుండా ఎక్కుతున్నాడు. ఎందుకంటే పలక పొడుగు. పలక పొడుగైతే ఎత్తు నిదానంగా వస్తుంది. లెక్కల సారు నాకు ఇదే చెప్పబోయాడేమో, నేనే తొందరపడి బయటికొచ్చాను.

“మేస్త్రీ! ఆ పలకలు ఎన్నున్నయి?”

“ఆరు. ఎందుకు?”

“గేటు నుంచి రోడ్డు నడిమి దాక పరుస్తం. కింద ఎత్తుకు ఏదన్న కావాలె, వడ్లు కానిది.”

బాలునాయక్ వేపపుల్ల ఉమ్మేశాడు. “బాయిలర్ ఎనక ఊక బూడిద గుట్ట లేదా? గోనెసంచులల్ల నింపి, నీళ్లు కొట్టి తొక్కితే రాయి లెక్క గట్టిపడ్తది.”

అనసూయమ్మ దిక్కు చూశాం. “బూడిదకు నేనేమనను” అంది.

అరగంటలో పన్నెండు మంది ముప్పై సంచులు తెచ్చి, తొక్కి, మెట్లు మెట్లుగా పేర్చారు. పైన పలకలు. కారు బరువుకు పలక విరగదా అని సేటు పరేషాన్. బాలునాయక్ ఇంకో హమాలీని పిలిచాడు. ఇద్దరూ క్వింటాలు బస్తాలు ఎత్తుకుని పలక మధ్యలో నిలబడి ఎగిరారు. “సేటూ, నీ కారు ఒక్క చక్రం మా ఇద్దరికన్న బరువుంటదా? దినాం మమ్ములను మోసే పలక ఇది.”

సేటు స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. నేను రోడ్డు మీద బోర్లా పడుకుని, చెంప నేలకు ఆనించి లిప్ కింద సందు చూస్తున్నాను. నేను చెప్పేది బాలునాయక్‌కు, బాలునాయక్ చెప్పేది సేటుకు.

“రానీ.. రానీ.. ఆగు! జర ఎడమకు. ఎడమకు అన్న సేటూ, అది కుడి!”

రోజూ హమాలీల మీద అరిచే సేటు ఆ పూట బుద్ధిగా తల ఊపుతున్నాడు. లిప్ కింద నాలుగు వేళ్ల సందు. మూడు. రెండు. వెనక చక్రాలు పలక ఎక్కగానే కిర్రుమని చప్పుడు. బూడిద సంచి ఒకటి కొద్దిగా కుంగింది. సందు ఒక్క వేలయింది. నేను కళ్లు మూసుకోవాలనుకున్నాను, మూసుకుంటే చెప్పేవాడు లేడు.

“రానీ సేటూ, ఆపకు, రానీ!”

ఒక వేలు. ఒక వేలు. రెండు. మూడు. చక్రం తారును తాకింది. నేను లేచేలోపే హమాలీల ఈలలు మొదలయ్యాయి. కింద పడుకుని చూశాం, పక్కనుంచి చూశాం, బుజ్జిబాబు తన కళ్లద్దాలు తుడుచుకుని మరీ చూశాడు. ఒక్క గీత లేదు.

“ఆగున్రి, నేనొస్త” అంటూ అనసూయమ్మ వచ్చి పక్క సీట్లోకి దిగింది. ఎక్కడం కాదు, దిగడమే. సగం దాకా పోయి, “ఏమయ్యా, ఇప్పుడు నేను కూసున్ననా, పండుకున్ననా?” అంది. సేటు మూడు రోజుల్లో మొదటిసారి నవ్వాడు. కారు కదిలింది. పది గజాలు పోయి ఆగింది. కిటికీలోంచి ఒక చేయి బయటికొచ్చి ఏదో విసిరింది. దుమ్ములో పడి మెరిసింది. షట్టర్ తాళంచెవి.

సాయంత్రం సేటు తిరిగొచ్చి చెప్పాడు. మీటింగ్‌లో ఎవరూ తిండి కూడా తినకుండా కారు చుట్టూ తిరిగారట. ఎవరు చేశారని అడిగితే, “మా లారీల యాదగిరి” అన్నాడట. ఆ నెలలో నా షట్టర్‌కు మూడు కార్లు వచ్చాయి. సేటు మాత్రం వారంలోపు ర్యాంపు పగలగొట్టించి పొడుగ్గా కట్టించాడు. హమాలీలు వచ్చి తమ పలకలు తాము తీసుకుపోయారు, లోడింగ్ ఆగిపోయిందని తిట్టుకుంటూ.

చేతిలో ఉన్న వస్తువు మీదే కన్ను పెట్టినవాడు సగం పనివాడని, అది వెళ్లాల్సిన దారి కూడా చూసినవాడే పూర్తి పనివాడని ఆ పసుపు కారు నాకు నేర్పింది. ఇప్పుడు ఎవరు కారు తెచ్చినా నేను బంపరు దిక్కు చూడను. కుర్చీ వేసి, చాయ్ తెప్పించి, మొదట ఒకటే అడుగుతాను. “మీ ఇంటి ముంగట మోరీ ఎంత ఎత్తు?”

కొత్తవాళ్లు లేచి బయటికి పోయి, వచ్చింది మున్సిపల్ ఆఫీసుకేమోనని బోర్డు చూసుకుంటారు. అవును, ఇప్పుడు నాకు బోర్డుంది.