దస్తగిరి మాస్టారి బ్యాగ్‌పైపు

ఏలూరు చుట్టుపక్కల దస్తగిరి మాస్టారి బ్యాండు వెనకాల నడవని పెళ్ళికొడుకు ఉండడు. ఆయన వాయించింది విన్న పెళ్ళికొడుకు మాత్రం ఇంతవరకు పుట్టలేదు. బ్యాండు మేళం అంటే మనవాళ్ళ దృష్టిలో ఊరేగింపు కారుకు కట్టిన పొడుగాటి హారన్. హారన్‌కి చెవి ఒగ్గి వినేదెవరు?

ముప్పై ఐదేళ్ళుగా కడుపుకోసం ఆయన వాయించింది క్లారినెట్. మనసుకోసం దాచుకున్నది వాళ్ళ నాన్న వదిలివెళ్ళిన బ్యాగ్‌పైపు. నాన్న పోలీసు బ్యాండులో నేర్చుకుని, రిటైరయ్యాక మీరట్ నుంచి తెప్పించుకున్నాడు. చంకలో తోలు తిత్తి, భుజం మీద మూడు గొట్టాలు, వేళ్ళకింద ఒకటి. "సన్నాయి పక్కన ఒత్తు పట్టేవాడు ఉంటాడు చూశారా, ఆ ఒత్తువాళ్ళు ముగ్గురు ఈ గొట్టాల్లో కూర్చున్నారండీ" అని మాస్టారు అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెబుతుంటారు.

స్కాట్లండు, ఐర్లండుల బాణీలు కలిసిన ఇంగ్లీషు సినిమా సంగీతమంటే ఆయనకు ప్రాణం. ఫోను చెవికి తగిలించుకుని గంటలు గడిపేస్తారు.

"ఏవండీ, ఆ సినిమాలో హీరో చివరికి చచ్చిపోతాడా?" అని భార్య ఖదీజా అడిగితే, "ఏమో, నేను చూళ్ళేదు, విన్నాను" అంటారు.

స్వరకర్తల అసలు పేర్లు నోరు తిరగవు కనక వాళ్ళకి ఇంట్లో వేరే పేర్లున్నాయి. ఎప్పుడూ చినుకుల్లా తీగెలు మీటించే ఆయన వర్షం దొర. ఒక పైపువాడిని ఒంటరిగా నిలబెట్టి, వాడు తనివితీరా ఊదాక, కాలవలో నీళ్ళు వదిలినట్టు మెల్లగా వయొలిన్లు వదిలే ఆయన నిదానం దొర. "ఊదేవాడి ఊపిరికి చోటిచ్చిన మనిషండీ" అని మాస్టారు ఆయన్ని తలుచుకున్నప్పుడల్లా గొంతు తగ్గిస్తారు. మన కీబోర్డు వీరులంటే మాత్రం మంట. హీరో అరకులో బస్సు దిగినా, అత్తిలిలో ఆటో ఎక్కినా అదే ఐర్లండు పిల్లనగ్రోవి. "మనిషన్నవాడు ఎక్కడో ఒకచోట ఊపిరి పీల్చుకోవాలి కదండీ. నాలుగు నిమిషాలు గుక్క తిప్పుకోకుండా ఊదుతున్నాడంటే వాడు మనిషి కాదు, మీట."

నిదానం దొర బాణీల్లో ఒకటుంది. పదిమంది ముందు దాన్ని ఒక్కసారి మొత్తం ఊదాలని మాస్టారి కోరిక. అరవై దాటాక గుండెల్లో గాలి ఏటికేడు తగ్గుతోందని ఆయనకు తెలుసు. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ కాదు.

అలాంటి సమయంలో తాడేపల్లిగూడెం నుంచి గోవిందరాజులుగారి కబురు వచ్చింది. గోవిందరాజులుగారిది చేపల మేత వ్యాపారం, చేపల చెరువులు కూడానూ. ఆ చెరువులు కొల్లేట్లో ఉన్నాయని గిట్టనివాళ్ళంటారు గాని, కాగితాల ప్రకారం అవి అసలెక్కడా లేవు. వెళ్ళి నిలబడితే మాత్రం కాలు తడుస్తుంది. వాళ్ళబ్బాయి రోహిత్ పెళ్ళిమండపంలోకి రాజులా రావాలట, ముందు స్కాట్లండువాళ్ళలా గళ్ళ గౌను కట్టిన పైపువాడు నడవాలట. బాణీ కూడా ఎంచేశారు. అది నిదానం దొరదే, మాస్టారు కోరుకున్నదే.

మూడు నెలలు సాధన సాగింది. ఖదీజా ఇంట్లోంచి తరిమితే కాలవగట్టున, అక్కణ్ణుంచి చాకిరేవువాళ్ళు తరిమితే రైలు పట్టాల పక్కన. తర్వాత డప్పు కొట్టే ఏసుబాబుని వెంటబెట్టుకుని మాస్టారు తాడేపల్లిగూడెం వెళ్ళారు. ఏసుబాబుది కొల్లేటి లంక. తాతలు వలలేసిన నీటికి ఇప్పుడు గోవిందరాజులుగారి గట్టు, గట్టుకి గేటు, గేటు దగ్గర అతని తమ్ముడు కాపలా.

"ఒక్క మాటండీ గోవిందరాజులుగారూ" అన్నారు మాస్టారు. "ఇది రాజుగారొచ్చే బాణీ కాదండి. స్కాట్లండులో దొరలు గొర్రెల్ని మేపుకోవడానికి ఊళ్ళకి ఊళ్ళు ఖాళీ చేయించారండి. ఆ జనం ఇళ్ళొదిలి పోతుంటే వచ్చే బాణీ. పెళ్ళికి ఇంకోటి వాయిస్తాను, ఇది విందుల వేళ వింటే..."

"గొర్రెలకోసం జనాన్ని వెళ్ళగొట్టారా?" గోవిందరాజులుగారు నిజంగానే నొచ్చుకున్నారు. "ఎంత పాపిష్టివాళ్ళు."

"చేపలకోసం అయితే కాస్త నయవేనండి" అన్నాడు ఏసుబాబు, ఎంతో మర్యాదగా.

ఆయనకు అది వినపడలేదు. ఇలాంటివి వినపడని చెవులు ఉంటేనే వ్యాపారం సాగుతుంది. "మనవాళ్ళెవరికి తెలుస్తుందండీ మాస్టారూ. గంభీరంగా ఉంది, చాలు."

ఏర్పాట్లు చూసే ఇందుజ అప్పుడు అసలు సంగతి చెప్పింది. "అంకుల్, మీరు ఊదక్కర్లేదండీ. డీజే రికార్డు వేస్తాడు. మీరు పైపు నోట్లో పెట్టుకుని నడిస్తే చాలు. వీడియోలో బాగుంటుంది."

"ఊదకుండానా అమ్మా?"

"మీకూ శ్రమ తప్పుతుంది కదండీ."

ఎంత దయ. బట్టల కొట్లో బొమ్మలకు కూడా ఇలాగే శ్రమ లేకుండా ఏర్పాటు చేస్తారు.

మాస్టారు గళ్ళ గౌను సంచిలో పెట్టుకుని ఇంటికొచ్చి, ఊదక్కర్లేదన్న సంగతి చెప్పకుండా దాద్దామనుకున్నారు. ఖదీజా ముందు అది సాగే పని కాదు.

"మూడు నెలలు నా చెవులు కొరుక్కు తిన్నారు. ఇప్పుడు ఊదకుండా తిరిగొస్తే నేను పడ్డ బాధ ఎవరి ఖాతాలో రాయాలండీ? ఆడాళ్ళ గౌను కట్టుకోవడానికి ఒప్పుకున్నారు, అది చాలదూ?"

పగటి ముహూర్తం. గూడెం శివార్లలో ఏసీ మండపం. రోహిత్ గుమ్మంలో నిలబడ్డాడు, డ్రోను పైకి లేచింది, డీజే మీట నొక్కాడు. సముద్రంలా రికార్డు మొదలైంది. మాస్టారు నాలుగడుగులు బొమ్మలా నడిచారు. ఐదో అడుగులో తిత్తి నింపారు.

బ్యాగ్‌పైపుకి ఒక గుణముంది. దానికి వాల్యూమ్ తగ్గించే నాబు ఉండదు. తిత్తి నిండాక మెల్లగా వాయించడమన్నది లేదు. పైగా రికార్డుకీ మీరట్ పైపుకీ శ్రుతిలో అరమెట్టు తేడా. రెండూ కలిసేసరికి మండపం మొత్తానికి పళ్ళు జివ్వుమన్నాయి. ఇందుజ చేతులూపింది. మాస్టారు కళ్ళు మూసుకున్నారు. నాబు ఉన్నది డీజే ఒక్కడి దగ్గరే కనక, వాడే తగ్గించుకున్నాడు.

ఇక మిగిలింది ఒక మనిషి ఊపిరి, వెనకాల ఏసుబాబు డప్పు. ఆ బాణీ పరుగెత్తేది కాదు. మాస్టారు దాని నడకలోనే ముందు నడుస్తున్నారు, కాబట్టి రోహిత్ కూడా అడుగడుక్కీ ఆగుతూ, కోర్టుకి తెస్తున్న ముద్దాయిలా నడిచాడు. వేదిక మీద పెళ్ళికూతురు చాందిని రెండుసార్లు గడియారం చూసుకుంది. బంధువులు ఫోన్లెత్తి, ఎంత రాజసంగా ఉందో అని మెచ్చుకున్నారు. ముందు వరసలో కూర్చున్న రత్నాంబగారు, గోవిందరాజులుగారి తల్లి, పక్కావిడ చెయ్యి పట్టుకుని అడిగారు.

"ఎవరు పోయారే?"

"ఎవరూ పోలేదు అత్తయ్యా, రోహిత్ వస్తున్నాడు."

"కాదు, ఎవరో పోయారు" అన్నారావిడ, కళ్ళు తుడుచుకుంటూ.

బాణీ ముగిశాక మాస్టారిని మండపం వెనక్కి పంపించారు. ఇందుజ గౌను వెనక్కి తీసుకుంటూ, తను ఏర్పాట్లు చూసే మిగతా పెళ్ళిళ్ళకి ఇక రానక్కర్లేదంది. ఇంత మర్యాదగా అన్నం మాన్పించడం ఈ కాలం పిల్లలకే చేతనవును. మాస్టారు ప్యాంటు తొడుక్కుని, ఆయాసం తీర్చుకుంటూ వంటపాత్రల పక్కన కూర్చున్నారు. గోవిందరాజులుగారు కోపంగా వస్తున్నారనుకుంటే ముందు కుర్చీ వచ్చింది, తర్వాత ఆ కుర్చీ మోయించుకుంటూ రత్నాంబగారు వచ్చారు.

"ఏవయ్యా, ఎవరికోసం ఆ ఏడుపు?"

"ఇళ్ళూ భూములూ పోయినవాళ్ళకోసమండి మామ్మగారూ."

ఆవిడ కుర్చీ అక్కడే వేయించుకుని కూర్చున్నారు. లోపల భోజనాల బంతి లేస్తోంది, గోవిందరాజులుగారు అమ్మకోసం కేకేస్తున్నారు.

"జనం గోలలో మధ్యలో సరిగ్గా వినపళ్ళేదు" అన్నారావిడ కుర్చీలో సర్దుకుంటూ. "మొదటినుంచి వాయించు. నాకేం తొందర లేదు."

ముప్పై ఐదేళ్ళ వృత్తిలో దస్తగిరి మాస్టారిని మళ్ళీ వాయించమని ఎవరూ అడగలేదు. ఏసుబాబు అప్పటికే డప్పు మెళ్ళో వేసుకున్నాడు. మాస్టారు తిత్తి చంకలోకి తీసుకుని, గుండెల్లో ఎంత మిగిలిందో చూసుకుని, గొట్టం నోటికి పెట్టుకున్నారు.