అమ్మమ్మ బిగించిన పెదవులు

అమ్మమ్మ ఫోటో మాకు ఒక్కటే ఉంది. నలుపు తెలుపుది, అరచేయంత. అమ్మ దాన్ని ట్రంకుపెట్టెలో పట్టుచీర మడతల మధ్య దాచింది తప్ప ఏనాడూ గోడకి తగిలించలేదు. ఎందుకని చిన్నప్పుడు అడిగితే, "సూడలేను. ఆ మొకం నిండా నా మీద కోపమే ఉన్నాది" అనేది.

కోపానికి కారణం లేకపోలేదు. అమ్మని తన తమ్ముడికిచ్చి చెయ్యాలనుకుంది అమ్మమ్మ. అమ్మ కుదరదంది. మా నాన్నని చేసుకుని శ్రీకాకుళం వచ్చేసింది. ఏడాది తిరిగాక బెంగ పట్టలేక, నీ ఫోటో ఒకటి పంపమని ఉత్తరం రాసింది. అమ్మమ్మ వాళ్ళ ఊరు చీపురుపల్లిలోని స్టూడియో నుంచి నేరుగా కవరు వచ్చింది. అందులో బిగించిన పెదవులు, కాస్త ఉబ్బిన ఒక బుగ్గ, తడిగా మెరిసే కళ్ళు. ఇంకా చల్లారలేదనుకుంది అమ్మ. ఆ వేసవిలో వెళ్దామనుకున్న ప్రయాణం మానేసింది. అమ్మ మొండి మనిషి. ఆ మొండితనం నాకూ వచ్చింది. వానలు పడ్డాక అమ్మమ్మ జ్వరంతో పోయింది. అమ్మ వెళ్ళేసరికి అంతా అయిపోయింది.

నేనూ ఆ ముఖంలో కోపాన్నే చూస్తూ పెరిగాను. కన్నకూతుర్ని క్షమించలేని ఆ మనిషిని చూస్తే నాకు ఒళ్ళు మండేది.

మొన్న ఆ ఫోటోని సెల్‌ఫోన్లోకి ఎక్కించుకుని, చీపురుపల్లిలో ఒక పెళ్ళికి వెళ్ళినప్పుడు అమ్మ చెల్లెలికి, అంటే మా పిన్నికి, చూపించాను. ఆవిడ దాన్ని చూడటం అదే మొదలు. చూస్తూనే నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఓలమ్మో! నోట్లో సుట్ట ఉన్నాదే!"

మా వైపు ఆడవాళ్ళు చుట్టని నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని కాలుస్తారు. అడ్డపొగ అంటారు దాన్ని. స్టూడియో నుంచి ఫోటో తీసేవాడు ఇంటికి వచ్చేసరికి అమ్మమ్మ నోట్లో చిన్న ముక్క మిగిలి ఉందట. పరాయి మగాడి ముందు ఉమ్మడానికి సిగ్గుపడి, మొత్తం లోపలికి లాగేసుకుందట.

"నోరిప్పకే అమ్మా, పొగొచ్చేస్తాదని నేనే అన్నాను. నాలిక సుర్రుమని కళ్ళంట నీళ్ళొచ్చేసినాయి. ఆయన ఎల్లిపోయాక ఎంత నవ్వుకున్నామో! మీయమ్మకి పోటో ఎల్తాదని కొత్త సీర కట్టుకున్నాది. కోపమేటి?"

తిరుగు బస్సులో దారంతా సతమతమయ్యాను. చెబితే అమ్మమ్మకి కోపం లేదని అమ్మకి తెలుస్తుంది. వెళ్ళకుండా పోగొట్టుకున్న ఆ వేసవి మాత్రం తిరిగి రాదు. అయినా దాచలేకపోయాను, ఇంటికి రాగానే చెప్పేశాను.

అమ్మ లేచి వెళ్ళి ట్రంకుపెట్టె తీసింది. కళ్ళజోడు పెట్టుకుని, ఫోటోలో ఉబ్బిన బుగ్గ మీద వేలు ఆనించింది.

"పెళ్ళయ్యీదాకా రోజూ నేనే సుట్టలు సుట్టి ఇచ్చీదాన్ని," అంది. "నాకే తెలవలేదే."