పిపెట్టు పట్టలేదన్న చెయ్యి

"అటెండరు విధుల్లో పిపెట్టు పట్టుకోవడం లేదు. కనుక బొటనవేలి జబ్బు ఉద్యోగం వల్ల వచ్చింది కాదు." వైద్యం ఖర్చు, తేలిక పని అడిగిన చేపలక్కకు ఆఫీసు ఇచ్చిన జవాబు ఇంతే. ఆవిడ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, ఐసు తేవడానికి వెళ్లింది.

పరిశోధనశాలలో అందరూ ఆవిడను చేపలక్క అనే పిలుస్తారు. పందొమ్మిదేళ్లుగా చేప నెత్తుటి నుంచి తెల్లకణాలు వేరుచేసేది ఆవిడే. మత్తునీళ్లలో సోలిన చేపను తడిగుడ్డలో పట్టుకుని తోక దగ్గర సూది పెడుతుంది. చేప ఎర్రకణాలను మందు పోసి పగలగొడదామంటే లోపలి సరుకు జిగురై తెల్లకణాలనూ పాడుచేస్తుంది. అందుకే గొట్టంలో చిక్కటి ద్రావణం పోసి, దానిమీదికి నెత్తురు మెల్లగా జార్చాలి. రెండూ కలిశాయా, గోవిందా. యంత్రంలో గిర్రున తిప్పాక ఎరుపుకు పైన పల్చటి తెల్లపొర తేలుతుంది. దాన్ని పిపెట్టు మీట బొటనవేలితో నొక్కి వదులుతూ లాగాలి. రోజుకు ముప్పై గొట్టాలు.

ఇప్పుడా బొటనవేలు వంచితే పట్టేస్తుంది. జడ వేసుకోవాలన్నా మొగుడే దిక్కు. ముసలితనంలో కొత్త ఉద్యోగం దొరికిందని ఆయన నవ్విస్తాడు.

ఆఫీసు జవాబు వచ్చిన మధ్యాహ్నమే, కొత్తగా చేరిన విద్యార్థిని ఒక గొట్టమంతా ఎర్రగా కలిపేసింది. పరిశోధనశాల నడిపే సారు తలెత్తకుండానే, మిగిలిన నెత్తురు చేపలక్కకు ఇచ్చెయ్యమన్నారు.

"నేను పట్టుకోనని రాశారు కదా సార్. మరి ఇన్నేళ్లూ పట్టుకున్నదెవరు?"

రూల్సు తన చేతిలో లేవని సారు నసిగారు. అప్పటికే ఆవిడ ఎడమచేత్తో పిపెట్టు అందుకుంది. చేపను అంత బాధపెట్టి తీసిన నెత్తురును ఊరికే పోనివ్వదు.

ఆ పిల్ల పాత నోటుపుస్తకాలు తిరగేసింది. ఎక్కడ చూసినా "కణాలు వేరుచేయబడ్డాయి" అనే. చేసిందెవరో లేదు. ఆ రోజు పేజీలో మాత్రం చేపలక్క పేరు రాసి సంతకం పెట్టింది.

"ఎందుకమ్మా, నీకు మాటొస్తుంది."

"రానివ్వండక్కా. గొట్టం తగలేసింది నేను, పని నిలబెట్టింది మీరు."

అప్పీలూ ఆ పిల్లే రాయించింది. విచారణ వచ్చే సోమవారం. ఒక్క పేజీ సాక్ష్యం చాలదట. ఆ గదిలో పనిచేసి డాక్టరేట్లు పుచ్చుకున్నవాళ్లు ఇది చదువుతుంటారు. ఆ చేతి పనితనం మీకు తెలుసు. "పిపెట్టు పట్టింది ఆవిడే, నేను చూశాను" అని రాసి, సంతకం పెట్టి, సోమవారంలోగా ఆఫీసుకు పంపండి. ఆవిడ మిమ్మల్ని అడగదు. అడిగే ఓపిక అయిపోయింది.